పాత పికప్పు బండ్లలో పొగ గొట్టముల, సెన్సారుల బోల్టులను బిగించు విధము

యాసంగి పల్లికాయ కల్లమునకు చేరిన నాటి నుండి వరి కోతలు ముగియువరకు ఆత్మకూర్ చుట్టుప్రక్కల ఊళ్ళలో పికప్పు బండికి తీరిక ఉండదు. జూరాల ఎడమ కాలువ క్రింది వడ్లు, చెల్కల మీది పల్లికాయ, పెబ్బేరు సంతకు పోవు పశువులు, వనపర్తికి, గద్వాలకు పోవు బస్తాలు, తిరుగు ప్రయాణములో యూరియా, ఇవన్నియు ఇప్పుడు బొలెరో పికప్పు, టాటా ఏస్ వంటి బండ్ల మీదనే నడచుచున్నవి. (పాత నల్లగొండ జిల్లాలోను ఆత్మకూర్ పేరుతో రెండు మండలములు కలవు. ఇచట చెప్పుచున్నది 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి ఇప్పుడు వనపర్తి జిల్లాలో చేరిన ఆత్మకూర్ సంగతి. బోల్టు మాత్రము మూడు చోట్లను ఒకటే.)

ఈ బండ్లలో పెక్కు పాతవి. భారత్ స్టేజి 3 బండ్ల అమ్మకము, సుప్రీంకోర్టు 2017 మార్చి 29న ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, ఏప్రిల్ 1 నుండి ఆగిపోయినది. తరువాత మూడేండ్లు స్టేజి 4 బండ్లు అమ్ముడైనవి. 2020 ఏప్రిల్ నుండి స్టేజి 6 అమలులోనికి వచ్చినది. స్టేజి పెరిగిన కొలది పొగను శుభ్రపరచు సాధనములును, ఇంజను స్థితిని కనిపెట్టి కంప్యూటరునకు తెలుపు సెన్సారులును పెరిగినవి. వాటిని పట్టియుంచునవి వేలెడు పొడవైనను లేని బోల్టులు. బండి పాతబడిన కొలది అవి వదులగును, త్రుప్పు పట్టును, లేదా ఒకరి తరువాత ఒకరు అతిగా బిగించుటచే మర చెడిపోవును.

చిన్న బోల్టే గదా యని ఉపేక్షింపరాదు. బరువు లాగునప్పుడు పొగ గొట్టము మొదటి భాగము 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కును. అచట అతుకు వదులైనచో మండు వాయువు ప్రక్కకు చిమ్మును. ఎండిన వరిగడ్డి అంటుకొనుటకు అంత వేడి అవసరము లేదు. గడ్డి లోడు క్రింద వ్రేలాడు పరకలు, ఛాసిస్ మీద పేరుకొన్న పొట్టు చాలును. రెండవ అపాయము కంటికి కనబడనిది. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. డీజిలు ఇంజనులో ఇది పెట్రోలు, సి.ఎన్.జి. ఇంజనులలో కంటె తక్కువే ఐనను, చలికాలపు రాత్రి అద్దములు మూసికొని క్యాబినులో ముగ్గురు కూర్చున్నప్పుడు తక్కువ యని నమ్ముకొనదగినది కాదు. ఇక సెన్సారు బోల్టు వదులైనచో బండి చెప్పకుండ ఆగును. ధర చూచుకొని ఆ దినముననే మార్కెట్టునకు చేరవలసిన సరుకు దారిలో నిలిచిపోవును.

బోల్టు ఎట్లు పట్టుకొనును?

బోల్టు మేకు వంటిది కాదు. గడ్డి బండి మీద బిగించిన మోకు వంటిది. మోకును లాగి కట్టినప్పుడు అది కొంచెము సాగి, తిరిగి కుంచించుకొన జూచును. ఆ కుంచింపే గడ్డిని అదిమి పట్టును. ఇనుప బోల్టును అట్లే. పానాతో త్రిప్పినప్పుడు అది కంటికి కనబడనంత సాగును. సాగిన బోల్టు తిరిగి కుంచించుకొనుటకు చేయు ప్రయత్నమే రెండు భాగములను ఒత్తి పట్టుచున్నది. చాలినంత సాగనిచో బండి అదురునకు నట్టు తనంతట తాను వదులగును. మితిమీరి సాగదీసినచో లోహము లొంగిపోయి తిరిగి కుంచించుకొనదు; చూచుటకు బిగిసినట్లే యుండును గాని పట్టు ఉండదు. ఇంకను త్రిప్పినచో తెగును. కనుక ఎంత గట్టిగా బిగించిన అంత మంచిదనుట పొరపాటు. వదులు బోల్టు ఎంత చెరుపో, అతి బిగువు బోల్టు అంత చెరుపు. నా దృష్టిలో పాత బండ్లకు రెండవదే ఎక్కువ కీడు చేయుచున్నది. ఏలయన వదులైన బోల్టును తిరిగి బిగింపవచ్చును; అల్యూమినియము హెడ్డులో మర ఊడినచో దానిని తొలిచి క్రొత్త మర వేయవలసి వచ్చును.

ఇందులో ఇంకొక కిటుకు కలదు. మనము పానాపై పెట్టు శ్రమను పది పాళ్ళుగా లెక్కించిన, సుమారు ఐదు పాళ్ళు బోల్టు తల క్రింది రాపిడికి, నాలుగు పాళ్ళు మరలోని రాపిడికి పోవును. బోల్టును సాగదీయునది ఒక్క పాలు మాత్రమే. అందువలన మరలో మట్టి, త్రుప్పు ఉన్నచో చేతికి బిగిసినట్లు తోచినను బోల్టు సాగియుండదు. నూనె పూసినచో అదే శ్రమకు బోల్టు ఎక్కువ సాగి తెగుటకు సిద్ధమగును. బండి పుస్తకములో ఇచ్చిన అంకెలు సాధారణముగా శుభ్రమైన, పొడి మరకు ఇచ్చినవి. కనుక మరను తీగె బ్రష్షుతో శుభ్రపరచి, పొడిగా తుడిచి బిగించవలెను. నూనె గాని గ్రీజు గాని పూయుమని పుస్తకము చెప్పిన చోట మాత్రమే పూయవలెను.

ఎంత బిగించవలెను?

త్రిప్పుబలమును న్యూటన్ మీటర్లలో కొలుతురు. తలపై 8.8 అని ముద్ర యున్న బోల్టులకు సాధారణమైన అంకెలు ఇవి. 10వ నంబరు పానా పట్టు 6 మిల్లీమీటర్ల బోల్టునకు 10 న్యూటన్ మీటర్లు. 12 లేక 13వ నంబరు పానా పట్టు 8 మిల్లీమీటర్ల బోల్టునకు 25. 14, 16 లేక 17వ నంబరు పానా పట్టు 10 మిల్లీమీటర్ల బోల్టునకు 45 మొదలు 50 వరకు. బండి పుస్తకములో వేరు అంకె ఉన్నచో ఆ అంకెయే ప్రమాణము; అల్యూమినియములోను, ప్లాస్టిక్కు మీదను బిగించు బోల్టులకు తరచు తక్కువ అంకె ఇత్తురు.

టార్కు రెంచి యున్న మెకానిక్కు వద్ద ఈ పని సులువు. అది లేని చోట రైతు ఇంట నుండు స్ప్రింగు కాటాతో పని గడుపుకొనవచ్చును. పానా చివర కాటా కొక్కెము తగిలించి, పానాకు సరిగా అడ్డముగా, మూల తిరిగినట్లు లాగవలెను. బోల్టు నడిమి నుండి కొక్కెము వరకు ఎన్ని సెంటీమీటర్లో కొలువవలెను. ఆ సెంటీమీటర్లను కాటా చూపు కిలోలతో హెచ్చించి పదితో భాగించిన వచ్చునది దాదాపు న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల దూరమున 5 కిలోలు లాగిన 10 న్యూటన్ మీటర్లు. 25 సెంటీమీటర్ల దూరమున 10 కిలోలు లాగిన 25. 30 సెంటీమీటర్ల దూరమున 15 కిలోలు లాగిన 45. కాటా నమ్మదగినదా కాదా యని ముందుగా ముద్ర వేసిన తూనికరాయిని వ్రేలాడదీసి చూచుకొనవలెను. కుదుపు లేకుండ మెల్లగా లాగుచు, కావలసిన అంకె వద్ద ఆపివేయవలెను.

ఈ లెక్క వలన ఇంకొక సంగతి తెలియును. బలమైన మనిషి 25 సెంటీమీటర్ల పానాను 30 కిలోల బరువుతో లాగుట కష్టము కాదు. అది 75 న్యూటన్ మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల సెన్సారు బోల్టునకు కావలసిన దానికి ఏడు రెట్లకు మించినది! అందులో మూడవ వంతునకే ఆ బోల్టు తెగవచ్చును. చిన్న బోల్టునకు చిన్న పానాను, దానిని కూడ నడుమ పట్టుకొని, వ్రేళ్ళ బలముతో వాడుమని పాత మెకానిక్కులు చెప్పుట ఇందుకే.

పొగ వైపు బోల్టులు

ఇంజను హెడ్డునకు తగిలియుండు పోత ఇనుప మానిఫోల్డు, దాని తరువాత టర్బో ఉన్న బండ్లలో టర్బో, అటుపిమ్మట పొగను శుభ్రపరచు క్యాటలిటిక్ కన్వర్టరు, చివర సైలెన్సరు, ఇది పొగ పోవు దారి. ఈ దారిలోని బోల్టులకు శత్రువు వేడి. ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట మీరు చూచియుందురు. కాల్చిన పట్టా పెరిగి కొయ్య చక్రము మీదికి సులువుగా జారును. నీరు పోయగనే కుంచించుకొని చక్రమును బిగించి పట్టును. మానిఫోల్డును అట్లే ప్రతి దినము పెరుగుచు, తరుగుచు ఉండును. 40 సెంటీమీటర్ల పొడవు గల పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కిన రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగును. దాని క్రింద నున్న హెడ్డు నీటితో చల్లబడుచున్నందున అంత పెరుగదు. ఈ లాగులాటలో కొసల నుండు స్టడ్డులు ముందుగా వదులగుట, తెగుట సహజము. చూచునప్పుడు అచటనే మొదలుపెట్టవలెను.

అతుకు కారుచున్నదనుటకు గుర్తులు మూడు. అతుకు చుట్టు నల్లని మసి చారలు. తెల్లవారి చల్లని ఇంజనును స్టార్టు చేసినప్పుడు టిక్కు టిక్కు మను శబ్దము. ఇంజను వేడెక్కి లోహము పెరిగిన తరువాత ఇది తగ్గును, అందుచేతనే పెక్కుమంది దీనిని మరచిపోవుదురు. మూడవది, టర్బో బండ్లలో ఎత్తు ఎక్కునప్పుడు లాగుడు తగ్గి నల్లపొగ హెచ్చుట.

ఈ పనిని ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే చేయవలెను. త్రుప్పు పట్టిన నట్టును విప్పవలెనన్న ముందు దినము సాయంకాలమే త్రుప్పు వదలించు నూనెను మరకు పట్టించి రాత్రియంతయు నాననీయవలెను. మరునాడు మొదట బిగించు వైపు వెంట్రుకవాసి కదల్చి, తరువాత విప్పు వైపు త్రిప్పవలెను. పట్టినచో బలవంతము చేయక ముందుకు వెనుకకు ఆడించుచు విప్పవలెను. పని ముగిసిన తరువాత కారిన నూనెను తుడువనిదే ఇంజను స్టార్టు చేయరాదు.

ప్యాకింగు విప్పినచో దానిని మరల వాడరాదు. నలిగిన ప్యాకింగు రెండవసారి సరిగా అదుమదు. నట్టులన్నిటిని ముందు వ్రేళ్ళతో ఎక్కించి, నడుమ నుండి కొసల వైపు, ఒకసారి ఇటు ఒకసారి అటు, మూడు విడతలుగా బిగించవలెను. మొదటి విడత సగము, రెండవ విడత ముప్పాతిక, మూడవ విడత పూర్తి అంకె. ఒక కొసను పూర్తిగా బిగించి రెండవ కొసకు పోయినచో మానిఫోల్డు వంగి పగులును. బండి ఒకసారి బాగుగా వేడెక్కి చల్లారిన తరువాత, పుస్తకము వలదని చెప్పనిచో, అదే వరుసలో మరల చూడవలెను.

ఇచట స్ప్రింగు వాషరు పనికిరాదు. వేడికి దాని పదును పోయి మామూలు రేకు అగును. నట్టు వదులు కాకుండ పూయు జిగురును ఇచట పూయరాదు. మామూలు రకములు సుమారు 150 డిగ్రీలకే బలము కోల్పోవును. కంపెనీవారు ఇచ్చు వేడికి తాళు లాకు నట్టులనే వాడవలెను. సైలెన్సరు ఊగుచున్నదని బైండింగు తీగెతో కట్టుట మన దారులలో తరచు కనబడుచున్నది. ఆ తీగె ఊరు చేరుటకు పనికివచ్చును గాని పంటకాలము గడుపుటకు కాదు. సైలెన్సరును వ్రేలాడదీయు రబ్బరు తెగినందున దాని బరువంతయు ముందరి అతుకు మీద పడి బోల్టులు వదులగుట కూడ కలదు. అట్టి చోట రబ్బరు మార్చక బోల్టులు బిగించిన వారము దినములకే మొదటికి వచ్చును.

పొగను వెనుకకు పంపు వాల్వు

పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికి పంపు వాల్వును మెకానిక్కులు ఇ.జి.ఆర్. అందురు. పొగ కలిసిన గాలి మండునప్పుడు వేడి తగ్గును. అందుచే నైట్రోజన్ ఆక్సైడులు తక్కువగా పుట్టును. ఈ వాల్వు బోల్టులు సమానముగా బిగియనిచో ఒక వైపు మసి కారును, రెండవ వైపు కొలతకు రాని గాలి జొరబడును. మసి పట్టిన రెండు ముఖములను లోహమునకు గీతలు పడకుండ శుభ్రపరచి, క్రొత్త ప్యాకింగు వేసి, ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి బిగించవలెను.

ఈ బాధ ఎందుకని వాల్వునకు అడ్డముగా రేకు ముక్క వేయించువారు కలరు. దీనిని నేను సమ్మతింపను. కంపెనీవారు అమర్చిన దానిని ఇట్లు మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము. అంతకంటె మనకు దగ్గరి సంగతి ఒకటి కలదు. నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో ఇతర వాయువులతో కలిసి నేల మట్టమున ఓజోను వాయువును పుట్టించును. ఆకులలో దూరి వాటిని ముందుగా పండబార్చి దిగుబడి తగ్గించు వాయువది. పల్లి, ప్రత్తి, సోయాచిక్కుడు దానికి సులువుగా లొంగు పైరులు.

సెన్సారుల బోల్టులు

పొగ వైపు శత్రువు వేడి యైనచో, సెన్సారు వైపు శత్రువు మన చేతి బలమే. క్రాంకు తిరుగుటను కనిపెట్టు సెన్సారు సాధారణముగా ఫ్లైవీలు దగ్గర ఉండును. సెన్సారు కొనకు, తిరుగు పండ్ల చక్రమునకు నడుమ సుమారు ఒక మిల్లీమీటరు సందు మాత్రమే ఉండును. బోల్టు వదులైనచో ఆ సందు మారి, కంప్యూటరునకు వార్త అందక, ఇంజను నడుచుచునే ఆగిపోవును. లేదా సెల్ఫు తిరుగును గాని ఇంజను అందుకొనదు. డీజిలు పంపు చెడినదని విప్పించుటకు ముందు ఈ ఒక్క బోల్టును, దాని తీగె ప్లగ్గును చూచుట మంచిది.

పనికి ముందు తాళపుచెవి తీసి, బ్యాటరీ మైనస్ తీగె విప్పవలెను. ప్లగ్గును దాని నాలుక నొక్కి తీయవలెనే గాని తీగె పట్టి లాగరాదు. సెన్సారు కూర్చుండు రంధ్రమును తుడిచి, రబ్బరు రింగునకు చుక్క ఇంజను ఆయిలు రాసి, సెన్సారును చేతితో నొక్కి పూర్తిగా కూర్చుండబెట్టవలెను. ఇదియే ముఖ్యము. బోల్టుతో లాగి సెన్సారును లోనికి దింపరాదు. అట్లు చేసినచో ప్లాస్టిక్కు చెవి పగులును. ఆ చెవిలో చిన్న ఇనుప గొట్టము ఉండును. బోల్టు తల దాని మీద ఆనునట్లు చేసినదే ప్లాస్టిక్కు నలుగకుండుటకు. అది ఊడిపోయిన సెన్సారును ఎంత జాగ్రత్తగా బిగించినను నిలువదు. బోల్టును మొదట వ్రేళ్ళతో నాలుగైదు చుట్లు ఎక్కించి, సులువుగా పోవుచున్నదని తెలిసిన తరువాతనే పానా పెట్టవలెను. అడ్డముగా ఎక్కిన మర ఆ మొదటి చుట్లలోనే తెలియును.

నీటి వేడిని తెలుపు సెన్సారు తానే మరతో బిగియును. అది తరచు ఇత్తడిది. ఇంజను వేడిగా నున్నప్పుడు విప్పినచో మరుగు నీరు ముఖము మీదికి చిమ్మును. పెట్రోలు, సి.ఎన్.జి. బండ్లలో పొగ గొట్టమునకు బిగించు ఆక్సిజన్ సెన్సారునకు సాధారణముగా 18 మిల్లీమీటర్ల మర, 22వ నంబరు పానా. సుమారు 40 న్యూటన్ మీటర్లు చాలును. క్రొత్త సెన్సారు మరకు కంపెనీవారే గ్రీజు పూసి పంపుదురు. కొనకు మాత్రము ఏ గ్రీజును తగులనీయరాదు. పాత డీజిలు పికప్పులలో పెక్కింటికి ఈ సెన్సారు ఉండదు. లేని దానిని మార్చితిమని బిల్లు వేసినచో అడుగుటకు ఈ మాట పనికివచ్చును.

కొన్నింటిని మీరు ముట్టుకొనకుండుటే మేలు. కామన్ రైలు డీజిలు ఇంజనులో ఇంజెక్టర్లకు పోవు సన్నని ఇనుప గొట్టములలో, వాటి రైలు చివర నుండు సెన్సారు వద్ద, ఒత్తిడి వెయ్యి బార్లను మించును. నడుచు ఇంజనులో ఆ నట్టు వదులు చేసినచో చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిపోటంతే కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. హెడ్డు బోల్టులును అట్టివే. వాటిలో చాల రకములను కోణము కొలిచి బిగించి, విప్పినచో పారవేసి క్రొత్తవి వేయవలెను.

గ్రామాధికారులకు

పొగ పరీక్షలో డీజిలు బండికి స్టేజి 4కు ముందు తయారైనవైనచో 65, స్టేజి 4వైనచో 50 హార్ట్రిడ్జి యూనిట్లు హద్దు. పాత బండ్లకు సర్టిఫికెట్టు ఆరు నెలలకు, స్టేజి 4 మొదలు వచ్చిన బండ్లకు ఏడాదికి చెల్లును. పరీక్షకు పోవు ముందు అతుకులు చూచుకొన్న వారికి రెండుసార్లు తిరుగు శ్రమ తప్పును. గ్రామ పంచాయతీలలో ఇప్పుడు ట్రాక్టరు, ట్రాలీ కలవు; దాని మానిఫోల్డునకును పై మాటలే వర్తించును. 5 మొదలు 60 న్యూటన్ మీటర్ల వరకు కొలుచు టార్కు రెంచి ఒకటి పంచాయతీలో గాని, సహకార సంఘములో గాని ఉన్నచో ఊరి బండ్లన్నిటికి సరిపోవును. దానిని నట్టులు విప్పుటకు వాడనీయరాదు, పని ముగిసిన తరువాత స్ప్రింగును కనిష్ఠ అంకెకు వదులు చేసి పెట్టెలో పెట్టవలెను. రైతు వేదికలో ఒక ఉదయము మెకానిక్కును పిలిచి పాత హెడ్డు మీద బోల్టు బిగించి చూపించినచో డ్రైవర్లు త్వరగా గ్రహింతురు. తెగిన బోల్టు ఒకటి చేతికిచ్చి చూపుట ఇంకను మంచిది.

బండి యజమాని ఒక అట్టముక్క మీద ఏ బోల్టును ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఎంత అంకెకు బిగించినదియు వ్రాసి క్యాబిను పెట్టెలో ఉంచవలెను. మానిఫోల్డు నట్టుల ప్రక్కన కొంత చోటు విడిచిపెట్టి, మొదటి వేడి చల్లారిన తరువాత మరల చూచినప్పుడు అచట తేదీ వేయవలెను.